రెండు కుబుసాలు

పోయినవారం హేమశ్రీని మనం తిరుపతి బస్టాండులో వదిలిపెట్టాం. ఆమె చేతిసంచిలో టార్చి, భూతద్దం, ఒక ఖాళీ సీసా, ఇంకో రెండు చిన్న గాజుసీసాలు ఉన్నాయి. ఆ రెండిట్లో ఒక్కో కుబుసం. రెండూ ఒకే సాలీడు విడిచినవని తొమ్మిది నెలలుగా ఆమె నమ్మకం. ముందురోజు వాటిని మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూసేదాకా ఆ నమ్మకానికి ఏ లోటూ రాలేదు.

కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవాళ్ల కోసం వెనక సంగతి కాస్త చెప్పాలి. హేమశ్రీ నగరి నేతవాళ్ల ఆడపిల్ల. తిరుపతిలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతూ, ప్రసూనాంబ మేడం దగ్గర సాలీళ్ల మీద పరిశోధన చేస్తోంది. వడమాలపేట అవతల కొండ కింద ఒక అరటితోటలో, ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని సాలీడు ఆమెకు దొరికింది. అది గూడు అల్లే రకం కాదు. రాత్రిళ్లు నేల మీద తిరిగి వేటాడే సంచారి రకం. మగవి రెండు, పెరిగినవే దొరికాయి. ఆడది మాత్రం ఒక్కటే దొరికింది, అదీ ఈడు రానిది. ఆడ సాలీడు ఏ జాతిదో తేల్చి చెప్పేది పొట్ట కింద ఉండే పలకలాంటి చిన్న గుర్తు. ఆఖరి కుబుసం విడిచాకగానీ ఆ గుర్తు రాదు. అందుకని హేమశ్రీ దాన్ని డబ్బాలో పెట్టి పెంచింది.

దసరా సెలవుల్లో ల్యాబుకు తాళం పడుతుంది, మేపే దిక్కుండదు. డబ్బాను నగరి తెచ్చి మేనత్త కుప్పమ్మకు అప్పజెప్పి, తాను చెన్నై మ్యూజియంలో పాత నమూనాలు చూడటానికి వెళ్లింది. పండగ అయ్యాక తిరిగి తీసుకుపోయింది. తిరుపతిలో అది ఆఖరి కుబుసం విడిచింది. గుర్తు వచ్చింది. హేమశ్రీ గీసింది, కొలిచింది, వ్యాసం రాసింది. పత్రికవాళ్లు ఒప్పుకున్నారు. ఆఖరి ప్రూఫు చూసి ‘సరే’ అనడమే మిగిలింది. ఆ సాయంత్రానికి అదీ చెప్పెయ్యాలి.

చిక్కంతా ఒక కాలు దగ్గర వచ్చింది. తోటలో దొరికిన ఆడదానికి ఎడమవైపు మూడో కాలు పొట్టి. ఎప్పుడో తెగి, మళ్లీ మొలుస్తున్న కాలు. దసరాకు ముందు విడిచిన కుబుసంలో అది పొట్టిగానే ఉంది; విడిచాక, అత్తకు అప్పజెప్పేనాటికీ అంతే. దసరా తర్వాత పెద్దదయ్యాక చూస్తే నిండుగా ఉంది. కుబుసం విడిచినప్పుడు కాలు పెరగడం మామూలే కాబట్టి హేమశ్రీ సంతోషించింది కూడా. కానీ అది విడిచేసిన రెండో కుబుసాన్ని విప్పి చూసే పని పెట్టుకోలేదు. నిన్న చూసింది. విడిచిన చర్మంలోనూ మూడో కాలు నిండుగానే ఉంది. అంటే పెరగడానికి ముందే పెరిగి ఉంది.

కుబుసం విడవకుండా సాలీడుకు కాలు పెరగదు. కాబట్టి జరిగింది రెండిట్లో ఒకటి. ఈ రెండు కుబుసాల మధ్య నగరిలో ఇంకో కుబుసం విడిచి ఉండాలి, దాన్ని అత్త చెత్త అనుకుని ఊడ్చేసి ఉండాలి. లేదా డబ్బాలో సాలీడే మారిపోయి ఉండాలి. అత్త ఊడ్చేసి ఉంటే చాలు, వ్యాసానికి ఏ ఢోకా లేదు. ఒక మనిషి చీపురు మీద ఇంత ఆశ పెట్టుకుని హేమశ్రీ ఎప్పుడూ ప్రయాణం చేయలేదు.

బస్సు పుత్తూరు దాకా మామిడికాయల ట్రాక్టర్ల వెనకే పాకింది. జ్యూసు ఫ్యాక్టరీల ముందు కాయలు దించే వంతు కోసం అవి రోడ్డంతా వరసకట్టి ఉన్నాయి. పుత్తూరు దాటాక మేడం ఫోను.

“ఓకే చెప్పావా?”

“ఇంకా లేదు మేడం. చిన్న సందేహం ఉంది. మధ్యాహ్నానికి తేలిపోతుంది.”

“ఇప్పుడు సందేహమేమిటి హేమా? ఇద్దరు రివ్యూయర్లు చూశారు. వాళ్లకు రానిది నీకెందుకొచ్చింది?”

“వాళ్లకు కుబుసాలు పంపలేదు కదా మేడం.”

మేడం గొంతు తగ్గించి అంది. “చూడు, కేరళలో ఒకళ్ల దగ్గర ఇలాంటిదే ఉందని విన్నాను. ముందు ఎవరు అచ్చువేస్తే పేరు వాళ్లు పెట్టిందే నిలుస్తుంది. నువ్వు మీ అత్త పేరు పెట్టాలని ముచ్చటపడ్డావు. అది గుర్తుంచుకో.”

హేమశ్రీకి గుర్తులేక కాదు. తల్లి పోయాక తననూ అన్ననూ పెంచింది కుప్పమ్మే. గుంట మగ్గం మీద చీరలు నేసి చదివించింది. కొత్త సాలీడుకు ఆమె పేరు వచ్చేలా లాటిన్ పేరు కట్టి, అచ్చయ్యాక చూపిద్దామని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

ఇంటి ముందు కంకర కుప్ప, ఇసుక కుప్ప, రెండు సిమెంటు బస్తాలు ఉన్నాయి. వసారాలో అత్త మగ్గం విప్పేసి గోడకు ఆనించి ఉంది. కర్రలన్నీ తాడుతో కట్టి, పైన పాత దుప్పటి కప్పారు. ఆ వీధిలో ఆఖరి గుంట మగ్గం అది. మోకాళ్లు పోయాక కుప్పమ్మే, “ఇంగ నావల్ల కాదురా, గుంట పూడ్చి నీ మిషన్లు పెట్టుకో” అని తులసీరాంతో చెప్పింది. తులసీరాం హేమశ్రీ అన్న. పక్క షెడ్డులో అతని పవర్‌లూములు నాలుగు అప్పుడూ దడదడలాడుతూనే ఉన్నాయి.

కుప్పమ్మ గడప పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని కండెలు చుడుతోంది. మేనకోడల్ని చూసి రాట్నం తిప్పడం ఆపలేదు.

“ఏమ్మే, చెప్పకుండా దిగినావు. తిన్నావా?”

“తింటాలే అత్తా. ముందు ఒగ మాట చెప్పు.”

“ఉర్లగడ్డ కూర, సంగటి ఉండాది. మాట యాడికీ పోదు, పెట్టుకోని తిను.”

హేమశ్రీ ఆమె పక్కన నేల మీదే కూర్చుని సంచిలోంచి ఒక సీసా తీసి ఎండలో పట్టింది. “దసరాప్పుడు నీకొగ డబ్బా ఇచ్చిపోయినా కదా, సాలీడుది. దాంట్లో ఇట్లాంటి చర్మం ఏమన్నా అగుపడిందా? నువ్వు చెత్త అనుకోని పారేసినావా?”

కుప్పమ్మ కళ్లు చికిలించి చూసింది. “సొక్కా ఇడిసినట్టు ఉండాదే.”

“ఆ, అదే. సాలీడు సొక్కా.”

“లేదే. నాకేం అగుపడలేదు. దినామూ బొద్దింకను ఏసేదాన్ని, మూత పెట్టేదాన్ని. అంతే.”

అత్త అబద్ధం చెబుతుందేమోనని హేమశ్రీ రాట్నం వైపు చూసింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన సంగతి అది. కుప్పమ్మ ఏదన్నా దాచాలంటే చేతిలో పని ఆపుతుంది. రాట్నం ఆగలేదు. చీపురు మీద పెట్టుకున్న ఆశ అక్కడితో సరి.

“మరి కాలు ఎట్ల పెరిగింది?” అంది హేమశ్రీ. అత్తను అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టే ఉంది.

“దేని కాలు?”

“నేను నీకిచ్చిపోయిన దాని కాలు. మూడో కాలు.”

“అది యాడ పెరిగింది?” అంది కుప్పమ్మ. “ఇప్పుడూ కుంటతానే ఉండాది.”

షెడ్డులో ఒక మగ్గం దారం తెగినట్టుంది, చప్పుడు కాస్త తగ్గింది. హేమశ్రీ చేతిలో సీసాను జాగ్రత్తగా సంచిలో పెట్టింది.

“ఇప్పుడూ అంటే ఏందత్తా? యాడ?”

“గుంటలో. మొన్న మగ్గం ఇప్పేటప్పుడు కూడా సూస్తిని. చెక్క కింద నుంచి ఇట్ల కుంటుకుంటా పోయింది.”

“మరి నేను తిరుపతికి తీసకపోయినది?”

“అది ఏరేది.”

ఏ తప్పూ చేయని మనిషి చెప్పినట్టే చెప్పింది. అత్త మీద కోపం తెచ్చుకుందామన్నా హేమశ్రీకి పట్టు దొరకడం లేదు.

“ఎందుకు మార్చినావు?”

“మార్చేదేముండాది? ఆయుధపూజ వచ్చె. ఆపొద్దు మగ్గం కాడ కట్టేసిందేదీ ఉండకూడదు. పేక నూలు మోసే నాడె తీసి పక్కన పెడతాము, తాళ్లు వదులు చేస్తాము. మా అవ్వ కాలం నుంచీ అంతే. నువ్వేమో నాలుగు జతల కళ్లున్నదాన్ని డబ్బాలో ఏసి, మూతేసి, సల్లగా ఉంటాదని మగ్గం పక్కన అరుగు మీద పెట్టిపోతివి. పండగపూట ఆయమ్మను అట్ల మూసి పెడితే మగ్గానికి మంచిదా? మూత తీసి గుంటలోకి ఇడిసిపెట్టినా. ఆడ దాని జతోళ్లు ఎప్పుడూ ఉండేవే కదా.”

“ఇడిసిపెట్టి?”

“ఇడిసిపెడితే నువ్వేమో దినామూ ఫోను. అత్తా తినిందా, అత్తా కదలతా ఉండాదా అని. వట్టి డబ్బా అని చెబితే ఆడ చెన్నైలో ఏడస్తా కూచుంటావు. మర్నాడు మిషన్లకు కట్టిన అరటిపిలకలు ఇప్పతా ఉంటే మట్టలో నుంచి ఒగటి దుమికింది. అదే చార, అదే రంగు. చెంబు బోర్లించి పట్టుకుంటిని. డబ్బాలో ఏస్తిని.”

“పండగరోజు మూతేయకూడదంటివి. దీన్ని ఎట్ల మూసినావు?”

“మర్నాడు పండగ కాదు కదా.”

హేమశ్రీకి నవ్వు రావలసిన చోటే. రాలేదు. “కాళ్లు సూసినావా దానికి?”

“ఎనిమిది ఉండాయి. ఇంగేం సూడల్ల?”

మిషను ఆపి నూనె చేతులు తుడుచుకుంటూ తులసీరాం గడప దగ్గరికి వచ్చాడు. సగం మాటలు విన్నాడు, మిగతా సగం చెల్లెలి ముఖం చూసి ఊహించుకున్నాడు.

“ఏంది హేమా, సాలీడు మారిపోయిందా? అయితే ఏం? ఒగటి పోయి ఇంగోటి వచ్చింది. దాని పాటికి అది డబ్బాలో ఉండె. నీకేం నష్టం?”

“నీకు అర్థం కాదులే అన్నా.”

“అట్లనే అంటావు. గూడు కట్టేది చేతగాని తిరుగుబోతు పురుగును పట్టుకోని రెండేండ్లు చదివితివి. గూడు కట్టేదాన్ని పట్టుకోనుంటే యాడికీ పోకుండా ఉన్నచోటనే ఉండును.”

కుప్పమ్మ పెదవి బిగించుకుని నవ్వు ఆపుకుంది. హేమశ్రీ ఆమె వైపే తిరిగింది.

“అత్తా, నీకు చెప్తా విను. ఎర్ర నూలు రెండు చోట్ల అద్దినారు. రెండు పొయ్యిలు, రెండు అండాలు. సూసేదానికి ఒగటే ఎరుపు. పడుగు ఒగదానితో ఏసి, పేక ఇంగోదానితో నేసినావు. ఏమవుతాది?”

“నేసేటప్పుడు ఏం కాదు,” అంది కుప్పమ్మ. “ఒగసారి తడిపినాక తెలస్తాది. చార పడతాది. చీర వెనక్కి వస్తాది.”

“నేను అట్లనే నేసినా. మగది ఒగచోటది, ఆడది ఇంగోచోటది, రెండూ ఒగటే అని రాసి పంపినా. అచ్చు వేసేస్తారు. ఇంగా తడవలేదు, అంతే.”

రాట్నం ఆగింది. కుప్పమ్మ చేతిలో కండెను ఒళ్లో పెట్టుకుని కొంచెంసేపు దాన్నే చూసింది.

“ఆ పిలకలు యాడివి?” అని అడిగింది హేమశ్రీ.

“వాడే తెచ్చినాడు,” అని మేనల్లుడి వైపు గడ్డం ఎత్తింది కుప్పమ్మ.

“వడమాలపేటలోవే,” అన్నాడు తులసీరాం. “నువ్వు పురుగులేరుకునే తోటనే. పురుగుల పాపకు అన్నవా అని ఆ తోటాయప్ప ఊరికే ఇచ్చె.”

అదే తోట. హేమశ్రీకి ఒక్క క్షణం ఊరట కలిగింది, వెంటనే పోయింది. తోట ఒకటైతే జాతి ఒకటి కావాలని లేదు. ఒకే అరటిచెట్టు మట్టల్లో రెండు మూడు జాతులు కాపురముండటం ఆమె కళ్లారా చూసిందే. తాను నమ్మిన ఆడది అక్కడ పట్టుకున్నది కాదు. ఒక చెంబు కింద నుంచి వచ్చింది. అంతవరకు ఖాయం. మిగతాది గుంటలో ఉంది.

సంచీ టార్చీ తీసుకుని లోపలికి వెళ్లింది. మగ్గం లేని ఆ గది పెద్దదిగా, ఎవరిదో అన్నట్టుగా ఉంది. రేకుల కింద పట్టపగలే సగం చీకటి. మధ్యలో నడుం లోతు గుంట. అంచున అత్త యాభై ఏళ్లు కూర్చున్న చోట గచ్చు నున్నగా అరిగిపోయింది. చిన్నప్పుడు ఆ అంచున పడుకుని, కింద చెక్కలు తొక్కే అత్త పాదాలను చూస్తూ నిద్రపోయేది. దేశంలోని సాలీళ్ల కోసం కొండలు, తోటలు తిరిగింది కానీ సాలీళ్ల కోసమని ఈ గుంటలోకి ఒక్కసారి తొంగి చూడలేదు. ఇంట్లో ఉన్నవాటిని ఎవరు చూస్తారు?

టార్చిని కంటి పక్కన ఆనించి వెలుగును నెమ్మదిగా మూలమూలకూ తిప్పింది. సంచారి సాలీడు కళ్లు అట్లా పట్టుకుంటేనే మెరుస్తాయి. ఉత్తరం మూల ఇటుకలు పగిలిన చోట, మిగిలిపోయిన రెండు తొక్కుడుచెక్కల్లో ఒకదాని కింద, ఆకుపచ్చగా రెండు చుక్కలు మెరిశాయి.

గుంటలోకి దిగి, మోకాళ్ల మీద వంగి చూసింది. ముందు వరసలో రెండు కళ్లు, మధ్యలో నాలుగు, వెనక రెండు. బూడిద రంగు వీపు మీద లేతచార. ఎడమవైపు మూడో కాలు మిగతావాటికన్నా పొట్టిగా, పుల్లలా సన్నగా ఉంది. తొమ్మిది నెలల కిందట డబ్బా మూత పెడుతూ చూసిన కాలే అది. ఒక కుబుసం తర్వాత కొంచెం పెరిగింది, నిండుగా పెరగలేదు. కదలకుండా ఉంది. ఎందుకు కదలడం లేదో టార్చి ఇంకాస్త దగ్గరికి తెచ్చాక తెలిసింది. దాని కింద చినిగిన గుడ్లసంచి ఉంది. ఇటుకల మీద, చెక్క మీద, దాని వీపు మీద ఆవగింజలంత పిల్లలు పాకుతున్నాయి. పిల్లలు పుట్టాయంటే మగది దొరికింది. మగది దొరికిందంటే ఈ గుంటలోనే దొరికింది.

హేమశ్రీ గుంటలో నిలబడే ఫోను తీసింది. ఎక్కువ ఆలోచించలేదు. ఆలోచిస్తే చేయలేనేమో అనిపించింది.

“మేడం, ఆపండి. అచ్చు వెయ్యొద్దని చెప్పండి.”

“కారణం?”

“వ్యాసంలో ఉన్న ఆడది నేను తోటలో పట్టింది కాదు. నేను పట్టింది ఇప్పుడు నా కళ్ల ముందుంది.”

మేడం పెన్ను మూత పెట్టిన చప్పుడు వినపడింది. “మగవాటితో మాత్రం వేసుకోవచ్చు. కానీ ఇంత దూరం వచ్చాక అంత మార్పు ఒప్పుకోరు. మళ్లీ మొదటి నుంచి పంపాలి.”

“తెలుసు మేడం.”

“నువ్వు చెప్పకుండా ఉంటే బాగుండేదని నేను అనను. ఒక్క క్షణం అనిపించింది, అంతే. పెట్టేస్తున్నాను, ఇప్పుడే వాళ్లకు రాస్తాను.”

ఫోను జేబులో పెట్టుకుంటుంటే పైన మనుషుల అలికిడి అయింది. గుంట పూడ్చడానికి పిలిపించిన మేస్త్రి పెంచలయ్య భోజనం చేసి వచ్చినట్టున్నాడు. బయట కంకర కలుపుతున్న పార చప్పుడు ఎప్పుడు మొదలైందో ఆమె గమనించనే లేదు. మొదటి తట్ట భుజాన పెట్టుకుని అతను గుమ్మంలోకి వచ్చేశాడు.

“పాపా, బయటికి రాండి, పోస్తా ఉండాము.”

“వద్దు, ఆగు పెంచలయ్యా. అన్నా, ఈరోజు వద్దని చెప్పు.”

తులసీరాం తల గోక్కున్నాడు. “హేమా, సిమెంటు మాలు కలిపేసినాము. గంటలో గట్టిపడతాది. రేపు మిషన్లు వస్తాయి, వాటిని యాడ పెట్టల్ల? నీ పురుగును పట్టుకోని డబ్బాలో ఏసుకో, పద.”

“దాన్ని పిల్లల మీద నుంచి లేపితే పిల్లలు చెదిరిపోతాయి. దాని మగది కూడా ఈడనే యాడనో ఉండాది. అది దొరికేదాకా పూడ్చొద్దన్నా.”

“దొరికేదాకా అంటే?”

పెంచలయ్య బరువు మోస్తూ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. సిమెంటు నీళ్లు తట్ట అంచున కారి అతని చొక్కా తడిపాయి.

అప్పుడు కుప్పమ్మ లోపలికి వచ్చింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చింది. హేమశ్రీ వైపు వంగి అడిగింది.

“ఎప్పుడో ఫోన్లో ఆ మేడమ్మ అన్నది వాడు ఇన్నాడంట. నా పేరు పెట్టినావా?”

తులసీరాం వైపు చూస్తే అతను చూపు తిప్పుకున్నాడు. పోయిన నెల ప్రసూనాంబ మేడం ఇంటికి ఫోను చేసి ఏదో అడిగినప్పుడు నోరు జారిందన్నమాట. అతను ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాడు.

“పెట్టినా అత్తా.”

“దేనికి? సీసాలో ఉండేదానికా, ఈడ ఉండేదానికా?”

“అదే ఇప్పుడు తెలవడం లేదు.”

“తెలిసేదాకా నా పేరు యాడ పెట్టుకోవల్ల మరి?”

అంటూనే కుప్పమ్మ గుంట అంచున తన పాత చోటు చూసుకుంది. రెండు చేతులూ నేలకు ఆనించి, పళ్లు బిగబట్టి, మెల్లగా కూర్చుంది. వంగని మోకాళ్లను ఒకదాని తర్వాత ఒకటి చేత్తో ఎత్తి గుంటలోకి వేలాడదీసింది. పాదాలు రోజూ ఆనిన ఇవతలి చెక్కను వెతికి దాని మీద ఆనుకున్నాయి. మగ్గం లేదు, ముందు ఖాళీ గోడే ఉంది. అయినా ఆమె నేయడానికి కూర్చున్నట్టే నడుం నిటారుగా పెట్టింది.

“పెంచలయ్యా, ఆ తట్ట బయట దించు. తులసీ, ఆ మాలు వసారాలో గుంతలకు పోసుకోండి. నేను లేచినాక గుంట పూడ్చండి.”

“ఎప్పుడు లేస్తావు?” అన్నాడు తులసీరాం.

“మోకాళ్లు ఒప్పుకున్నప్పుడు.”

పెంచలయ్య తులసీరాం ముఖం చూశాడు, తులసీరాం నేల చూశాడు. తట్ట బయటికి పోయింది. వసారాలో పార మీద పార పడుతున్న చప్పుడు మళ్లీ మొదలైంది. హేమశ్రీ అత్త పాదాల పక్కనే, గుంట గోడకు వీపు ఆనించి నిలబడింది. కాసేపయ్యాక పైనుంచి కుప్పమ్మ గొంతు మామూలుగానే వచ్చింది.

“పాపా, నా కాలి మింద ఏందో ఎక్కతా ఉండాది.”

“కదలొద్దత్తా.”

“కదలను. సల్లగా ఉండాది.”

చెక్కకూ గోడకూ మధ్య సందులోంచి వచ్చి, కుప్పమ్మ కుడిపాదం మీద, మడమకు కొంచెం పైన ఆగి ఉంది. సన్నటి ఒళ్లు, పొడవు కాళ్లు. మూతికి అటూ ఇటూ చిన్న చేతుల్లాంటివి రెండు, కొనల దగ్గర గుండీల్లా ఉబ్బి ఉన్నాయి. ఉబ్బి ఉన్నాయంటే పెరిగిన మగది. హేమశ్రీ సంచిలోంచి ఖాళీ సీసా తీసింది.

“పట్టుకోవచ్చా అత్తా?”

“ఈపొద్దు పండగ కాదు కదా. పట్టుకో.”

సీసా బోర్లించే ముందు, పారిపోతే మళ్లీ దొరకదని, భూతద్దం కంటికి పెట్టుకుని వంగింది. ఆ ఉబ్బిన కొనకు కొంచెం వెనక, ముంజేతి పక్కన, మగదానికి ఒక ముల్లు ఉంటుంది. వడమాలపేట తోటలో దొరికిన రెండు మగవాటికీ అది కొన దగ్గర రెండుగా చీలి ఉంది. ఆ చీలికను ఆమె ఎన్నోసార్లు చెరిపి గీసింది. కళ్లు మూసుకుని కూడా గీయగలదు.

పాదం మీద ఉన్నదాని ముల్లు చీలలేదు. సూదిలా ఒకే కొనతో తిన్నగా ఉంది.

ఇది తన మగది కాదు. ఇంకో జాతిది. హేమశ్రీ సీసా పట్టుకున్న చేయి గాలిలోనే ఆగిపోయింది. ఈ గుంటలోని మగదానితో ఆ కుంటిది జతకట్టి ఉంటే, కుంటిది కూడా ఆ ఇంకో జాతిదే. అప్పుడు తోట మగవాటికి సరైన జోడీ, అరటిపిలక మట్టలోంచి దూకి చెంబు కింద పడ్డ ఆ రెండోదే కావచ్చు. సీసాలో ఉన్నది. వ్యాసంలో ఉన్నది. తప్పుదారిన వచ్చి సరైన చోటే కూర్చున్న వ్యాసాన్ని ఇప్పుడే తన నోటితో ఆపించింది. మేడం ఈపాటికి ఉత్తరం పంపేసి ఉంటుంది.

పైనుంచి కుప్పమ్మ, పాదం కదపకుండా, మెడ మాత్రం వంచి కిందికి చూసింది. మూలలో కుంటిదాని మీద పాకుతున్న ఆవగింజలను చూసింది. తన కాలి మీది దాన్ని చూసింది.

“ఏమ్మే,” అంది. “ఆ పిల్లల నాయన ఈయప్పేనా?”